క్లిక్‌ కూడా వినపడకుండా... క్లిక్‌!

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫొటోలకేం కొదవ? చింతచెట్ల మీద గూడబాతులు, తెల్లారితే ఎర్రబడే సముద్రం, ఇంటికెళ్తే అరుగు మీద ముడుచుకు పడుకున్న కుక్కపిల్ల. మిర్రర్‌లెస్‌ కెమెరాలొచ్చాక వాటిని బాగా తీయడం కూడా సులువైంది. కొదవల్లా ఓపికకే. నాకు ఆ సంగతి ఎలా తెలిసిందో చెప్తా.

జనవరి నెల. పొద్దున్న ఏడింటికల్లా తేలినీలాపురంలో దిగాను. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని పల్లె అది. కెమెరా కొని అప్పటికి రెండు వారాలే. తలెత్తితే చాలు, కొమ్మ కొమ్మకీ గూళ్లు. కొన్నింట్లో గూడబాతులు, అవే పెలికాన్లు. కొన్నింట్లో ఎర్రకాళ్ల కొంగలు, అంటే పెయింటెడ్‌ స్టార్క్‌లు. అరగంటలో రెండొందల ఫొటోలు కొట్టేశాను. అన్నీ కూర్చున్నవే. ఇన్‌స్టాలో పెట్టాలంటే రెక్కలు విప్పి ఎగిరే పక్షి ఉండాలి కదా! అటూ ఇటూ చూసి, గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఒక చెట్టు మీదున్నవన్నీ ఒక్కసారిగా లేచాయి. బటన్‌ మీద వేలు తీయకుండా నొక్కి పట్టుకున్నా. స్క్రీన్‌లో చూసుకుని మురిసిపోతుంటే, ఖాళీ అయిన గూటి మీద ఓ కాకి వాలింది. ముక్కున ఏదో కరుచుకుని పోయింది. గుడ్డో, ఈకలు రాని పిల్లో... నాకు సరిగ్గా కనబడలేదు. కనబడనందుకు లోపల్లోపల సంతోషించాను కూడా.

గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తున్న ఓ పెద్దావిడ మాత్రం మొత్తం చూసింది. మోపు దించి నా ముందు నిలబడింది.

‘‘ఏటి బాబూ ఆ పని? పురిటికొచ్చిన ఆడకూతుర్లని ఎవులైనా ఇంట్లోంచి తరిమేత్తారా?’’

నాకు నోట మాట రాలేదు. ‘‘ఎగిరేటప్పుడు తీద్దామని అమ్మా...’’ అని నసిగాను.

‘‘ఎగరవేటి? కూకో. పొద్దెక్కితే ఆటికవే ఎగురుతాయి. అప్పుడు తీసుకో’’ అని మోపెత్తుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను నేర్చుకున్న ఫొటోగ్రఫీ అంతా ఆ ఒక్క ‘కూకో’ దగ్గర్నుంచే మొదలైంది.

పక్షి లేస్తే ఏమవుతుంది?

ఈ పక్షులు పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లాంటివని ఇక్కడివాళ్లు అనుకుంటారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తాయి. గూళ్లు కడతాయి, గుడ్లు పెడతాయి, పిల్లల్ని పెంచుతాయి. మార్చి, ఏప్రిల్‌ వచ్చేసరికి రెక్కలొచ్చిన పిల్లలతో వెళ్లిపోతాయి. దగ్గర్లోనే నౌపడ తంపర భూములు, ఉప్పుమడులు, చెరువులు ఉన్నాయి. తిండికి లోటుండదు.

కొత్తగా పుట్టిన పిల్లకి ఒంటి మీద ఈకలుండవు. ఎండ కాస్త గట్టిపడితే తట్టుకోలేదు. అందుకే తల్లో తండ్రో గూటి మీద రెక్కలు గొడుగులా విప్పి నీడపడతాయి. మనం చప్పట్లు కొట్టి లేపితే ఆ గొడుగు పోతుంది. కాకులు, గద్దలు చూస్తూనే ఉంటాయి. కంగారులో లేచేటప్పుడు పిల్లలు, గుడ్లు కిందికి జారిపోవచ్చు కూడా. మనకి పది సెకన్ల వీడియో, దానికి ఒక కాన్పు నష్టం.

అసలే వీటికి కష్టాలు తక్కువేం కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరాన్ని దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. పక్షులు గూళ్లు కట్టే పెద్ద చెట్లకీ దెబ్బ తగిలింది. 2021 డిసెంబరులో తేలినీలాపురంలో గూడబాతులు పదుల సంఖ్యలో చనిపోయాయి. తిన్న చేపల ద్వారా కడుపులోకి చేరిన ఏలికపాములే కారణమని అప్పట్లో తేల్చారు. తుపానునీ, రోగాన్నీ మనం ఆపలేం. చప్పట్లు కొట్టకుండా ఉండటం మాత్రం మన చేతుల్లో పనే.

ఇంకో మాట. వీటిని ‘సైబీరియా పక్షులు’ అని చాలామంది రాస్తుంటారు. క్యాప్షన్‌ పెట్టేముందు ఆగండి. ఇక్కడ గూడు కట్టే గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ రెండూ దక్షిణాసియా పక్షులే. నీళ్లు, చేపలు, గూటికి చెట్లు ఎక్కడ దొరికితే అక్కడికి మన దేశంలోనే తిరుగుతుంటాయి. నిజంగా ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. అవి చలికాలంలో చెరువుల్లో కనిపిస్తాయి. ఇక్కడ గూడు మాత్రం కట్టవు. గూడు కట్టిందంటే ఇక్కడి ఆడపడుచే అని గుర్తు!

అద్దం తీసేస్తే ఒరిగిందేంటి?

పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్‌ వెనక ఒక అద్దం ఉంటుంది. క్లిక్‌ కొట్టిన ప్రతిసారీ అది టప్‌మని లేచి పడుతుంది. 2008లో పానాసోనిక్‌ జీ1 వచ్చినప్పట్నుంచి ఆ అద్దం లేని కెమెరాలు ఒక్కొక్కటిగా బజార్లోకొచ్చాయి. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ అటే వెళ్లాయి. జంతువుల్ని తీసేవాళ్లకి దీనివల్ల మూడు లాభాలు.

ఒకటి, నిశ్శబ్దం. ఎలక్ట్రానిక్‌ షటర్‌ ఆన్‌ చేస్తే చప్పుడే ఉండదు. పది అడుగుల దూరంలో పిచ్చుక కూర్చున్నా దానికి తెలీదు. కాకపోతే చిక్కొకటుంది. చాలా కెమెరాలు బొమ్మని వరస వరసగా చదువుతాయి. అందుకని వేగంగా రెక్కలాడించే చిన్న పిట్టల్ని ఈ పద్ధతిలో తీస్తే రెక్క వంకరగా పడొచ్చు. గూడబాతు, కొంగ రెక్కలు నిదానంగా ఊపుతాయి కాబట్టి పెద్దగా ఇబ్బంది రాదు.

రెండు, కంటి మీద ఫోకస్‌. సోనీ 2019లో జంతువుల కన్ను పట్టే ఆటోఫోకస్‌ తెచ్చింది. 2020లో వచ్చిన కెనాన్‌ ఆర్‌5, ఆర్‌6 పక్షుల కళ్లనీ పట్టడం మొదలెట్టాయి. ఇప్పుడు కెనాన్‌ ఆర్‌50, నికాన్‌ జెడ్‌50–2 లాంటి చిన్న బాడీల్లోనూ ఈ సదుపాయం ఉంది. కెమెరా కొనేముందు షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్ని మెగాపిక్సెల్స్‌’ అని కాదు, ‘పక్షి కన్ను పడుతుందా’ అని.

మూడు, ఫొటో ఎలా వస్తుందో తీయకముందే కనిపించడం. వ్యూఫైండర్‌లో వెలుగు ఎక్కువైతే అక్కడే తెలిసిపోతుంది. తెల్ల కొంగని తీసేటప్పుడు ఇది వరం.

ఫోన్‌ చాలదా అంటారా? మనుషులకీ, సముద్రానికీ చాలు. చెట్టు చివర్న కూర్చున్న పక్షికి చాలదు. ఫోన్లో జూమ్‌ లాగేకొద్దీ ఈకలు నీటిరంగు పెయింటింగ్‌లా కలిసిపోతాయి. దాంతో మనం దగ్గరకి వెళ్తాం. పక్షి లేచిపోతుంది. లాంగ్‌ లెన్స్‌ అంటే గొప్ప కోసం కాదు, దూరంగా ఉండటం కోసం.

ఏ లెన్స్‌ తీసుకోవాలి?

డబ్బులు తక్కువుంటే బాడీ మీద తగ్గించి లెన్స్‌ మీద పెట్టండి. కెనాన్‌ 100–400 ఎంఎం లెన్స్‌ బరువు 635 గ్రాములే. ఆర్‌50 లాంటి చిన్న సెన్సర్‌ బాడీకి తగిలిస్తే చివర్న 640 ఎంఎం అంత దగ్గరగా చూపిస్తుంది. రెండూ కలిపి కేజీ పైచిలుకు. బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లొచ్చు. దీని లోపమల్లా వెలుతురు తక్కువ తీసుకోవడం. తెల్లవారుజామున ఐఎస్‌ఓ పెంచక తప్పదు. సోనీ 200–600, నికాన్‌ 180–600 ఇంకా బాగుంటాయి. కానీ ఒక్కోటీ రెండు కేజీల దగ్గర, ధరా బరువే. మొదటిసారైతే కొనకుండా రెండ్రోజులు అద్దెకి తీసుకుని చూడండి. విశాఖ లాంటి సిటీల్లో కెమెరాలు, లెన్స్‌లు అద్దెకిచ్చేవాళ్లు ఉంటారు. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే లెన్స్‌లోంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడులా కనిపిస్తే అది ఫంగస్‌. తీసుకోవద్దు.

మొదటి పాఠం మన అరుగు మీదే

లెన్స్‌ రాగానే అడవికి పరిగెత్తక్కర్లేదు. ఇంట్లో కుక్క, పెరట్లో పిల్లి, గేదెదూడ, కోడిపిల్లలు... వీటిని తీయగలిగితే పక్షుల్ని తీయడం సగం వచ్చినట్టే.

మొదటి సూత్రం, కింద కూర్చోండి. నిలబడి తీసిన కుక్క ఫొటో మనం చూసే కుక్కే. దాని కళ్ల ఎత్తుకి దిగితే అది చూసే లోకం కనిపిస్తుంది. ఎండలో కాకుండా వీధి అరుగు నీడలోనో, గుమ్మం దగ్గరో కూర్చోబెట్టండి. ఫ్లాష్‌ వద్దు. కంటికి ఇబ్బంది, ఫొటోలో కళ్లు దెయ్యంలా మెరుస్తాయి. కూర్చున్నదానికి షటర్‌ స్పీడ్‌ సెకనులో 250వ వంతు సరిపోతుంది. పరిగెత్తేదానికి 1000వ వంతు పెట్టండి. నల్లకుక్క అయితే కెమెరా చీకటనుకుని ఫొటోని బూడిదరంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్‌ కాస్త తగ్గించాలి. పేరు పెట్టి పిలవొద్దు. పిలిస్తే లేచి మీ ఒళ్లోకొచ్చేస్తుంది. నోటితో వింత చప్పుడొకటి చేస్తే తల పక్కకి వంచి చూస్తుంది. ఆ క్షణమే ఫొటో. అయితే ఆ చప్పుడు రెండుసార్లే పని చేస్తుంది, మూడోసారికి మనల్ని పట్టించుకోదు.

ఒక హెచ్చరిక. పంజరంలో రామచిలుక, తొట్టెలో నక్షత్ర తాబేలు మన పెంపుడు జంతువుల లెక్కలోకి రావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెంచడం నేరం. నక్షత్ర తాబేళ్లని చూడాలనుంటే శ్రీకూర్మం వెళ్లండి. కూర్మనాథుడి గుడి దగ్గర వాటిని సంరక్షిస్తున్నారు. ఫొటోకి ముందు అక్కడి వాళ్లని అడగండి. చేతిలోకి తీసుకుని పోజులివ్వొద్దు.

గూళ్ల దగ్గర సెట్టింగులు

తేలినీలాపురానికి పొద్దున్నే వెళ్లండి. గూటి దగ్గర కూర్చున్న పక్షికి 500వ వంతు చాలు. ఎగిరేదానికి 2000వ వంతు. ఆటో ఐఎస్‌ఓ పెట్టి, 3200 దాకా వెళ్లనివ్వండి. కాస్త గరుకుగా వచ్చినా పర్లేదు, కదిలిపోయిన ఫొటోని మాత్రం ఏ యాప్‌ కూడా బాగుచేయలేదు. తెల్లపక్షి వెనక ముదురు ఆకులుంటే ఎక్స్‌పోజర్‌ ఒక మెట్టు తగ్గించండి, లేదంటే ఈకలు సున్నం కొట్టినట్టు అయిపోతాయి. వెనక తెల్లటి ఆకాశముంటే ఒక మెట్టు పెంచండి.

ఎగిరే ఫొటో కోసం పెద్దావిడ చెప్పిందే నిజం. ఎండెక్కి నేల వేడెక్కాక గాలి పైకి లేస్తుంది. గూడబాతులు ఆ గాలిని పట్టుకుని రెక్క కదపకుండా గుండ్రంగా పైకి తేలుతాయి. తొమ్మిదీ పది గంటల మధ్య అలా మెడెత్తి చూస్తే చాలు, మీ నెత్తి మీదే తిరుగుతుంటాయి. తిండి తెచ్చేవి గూటికి దిగేటప్పుడు రెక్కలు వెనక్కి విప్పి, కాళ్లు ముందుకు చాపుతాయి. గాలి ఎటు వీస్తుందో చూసుకోండి. పక్షి గాలికి ఎదురుగానే దిగుతుంది. మీరు ఆ వైపు కూర్చుంటే మొహం మీదికొస్తుంది.

వానాకాలమైతే ఇచ్ఛాపురం మండలం తేలుకుంచి వెళ్లండి. ఒడిశా సరిహద్దు పక్కనే ఉంటుంది. జూన్‌లో వానలతో పాటే నత్తగుల్ల కొంగలొస్తాయి. అవొస్తే వానలొచ్చినట్టేనని ఊరివాళ్ల నమ్మకం. చెట్లు ఇళ్ల మధ్యే ఉంటాయి. కొంగల్ని ఎవరూ ఏమీ అనరు. దీని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తల్ని పట్టి తినడానికి ఆ ముక్కే ఆయుధం. పిల్లలకి ఆ సందు ఉండదు, పెద్దయ్యాకే వస్తుంది. పక్కపక్కన కూర్చున్న తల్లీపిల్లల ముక్కులు ఒకే ఫ్రేములో పడితే అదే ఓ కథ. ఇళ్ల మధ్య తీస్తున్నాం కాబట్టి గుమ్మాల్లో ఉన్న ఆడవాళ్లు, స్నానాల దొడ్లు ఫ్రేములో పడకుండా చూసుకోండి. ఒక మాట అడిగి తీస్తే కాఫీ కూడా ఇస్తారు.

తెల్లారితే సముద్రం మనది

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. సాయంత్రం బీచికి వెళ్లి ‘సన్‌సెట్‌ రాలేదు’ అంటే ఎవరేం చేస్తారు? నాలుగున్నరకి అలారం పెట్టండి. అసలు రంగులు సూర్యుడు కనబడడానికి ముందు ఇరవై నిమిషాల్లో ఉంటాయి.

వట్టి నీళ్లూ ఆకాశమూ తీస్తే అన్ని బీచులూ ఒక్కలాగే ఉంటాయి. నది కలిసే చోటికి వెళ్లండి. కళింగపట్నంలో వంశధార, బారువలో మహేంద్రతనయ, శ్రీకాకుళం దగ్గర కళ్లేపల్లిలో నాగావళి, విజయనగరం జిల్లా కోనాడలో చంపావతి సముద్రంలో కలుస్తాయి. అక్కడ ఇసుకతిన్నెలు, పాయలు, వలలు, పడవలు ఉంటాయి. కళింగపట్నంలో దీపస్తంభం కూడా ఉంది. అక్కడికి దగ్గర్లోనే శాలిహుండం కొండెక్కితే బౌద్ధ స్తూపాల ఆనవాళ్ల మధ్య నుంచి వంశధార కనిపిస్తుంది.

సాయంత్రం వెలుగు కావాలంటే కొండలవైపు తిరగండి. విజయనగరం జిల్లాలో తాటిపూడి రిజర్వాయరు వెనక తూర్పుకనుమలు ఒకదాని వెనక ఒకటి నీలంగా కనిపిస్తాయి. చలికాలం పొద్దున్న నీటి మీద మంచు లేస్తుంది. నెల్లిమర్ల దగ్గర రామతీర్థం బండకొండలు, కింద పొలాలు, గట్ల మీద తాడిచెట్లు... వరి పండినప్పుడు చూడాలి. వీటికి లాంగ్‌ లెన్స్‌ అక్కర్లేదు, కెమెరాతో వచ్చే కిట్‌ లెన్స్‌ చాలు. ఎపర్చర్‌ ఎఫ్‌8 పెట్టి, ట్రైపాడ్‌ మీద ఐఎస్‌ఓ 100లో తీయండి. అలల్ని పాలనురగలా మార్చాలంటే ఎన్‌డీ ఫిల్టర్‌ పెట్టి ఒక సెకను ఉంచండి.

ఇక్కడ కెమెరా దించేయండి

జనవరి నుంచి మార్చి మధ్య ఆలివ్‌ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. ఫ్లాష్‌, ఫోన్‌ టార్చి పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరగొచ్చు. పుట్టిన పిల్లలు వెలుగున్న వైపే సముద్రం అనుకుని ఊరివైపు పాకుతాయి. కాబట్టి రాత్రి ఫొటోలు వద్దు. అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు హేచరీల నుంచి పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు వెళ్లండి. ఇసుక మీద బోర్లా పడుకుని, ఫ్లాష్‌ లేకుండా తీయండి. వాటి దారికి అడ్డం మాత్రం పడుకోవద్దు.

ఉద్దానంలో ఎలుగుబంటి కనబడితే ఫొటో సంగతి మర్చిపోండి. జీడిమామిడి, పనస పండ్ల కోసం అవి తోటల్లోకి వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో మనిషి ప్రాణం పోయింది, మరికొందరు గాయపడ్డారు. పార్వతీపురం మన్యంలో తిరిగే ఏనుగుల సంగతీ అంతే. సెల్ఫీ కోసం వెనకబడ్డవాడు గుంపుని ఊరి మీదికి తోలినవాడే అవుతాడు. ఇలాంటి జంతువులు, అరుదైన గూళ్లు కనబడితే పోస్టులో లొకేషన్‌ పెట్టొద్దు. గూళ్ల మీదికి డ్రోన్‌ ఎగరేయొద్దు. పక్షికి అది గద్దలాగే కనిపిస్తుంది.

ఉప్పుగాలి జాగ్రత్త

మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు కాబట్టి లెన్స్‌ తీయగానే సెన్సర్‌ చాలా కెమెరాల్లో నేరుగా గాలికి తగులుతుంది. బీచిలో లెన్స్‌ మార్చొద్దు. ఇంటికి రాగానే బాడీని కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. గాలి చొరని ప్లాస్టిక్‌ డబ్బాలో సిలికాజెల్‌ ప్యాకెట్లు వేసి దాచండి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, పిండిదుమ్ము లోపలికి పోతుంది. ఈ కెమెరాలు బ్యాటరీని తొందరగా తాగేస్తాయి. రెండోది జేబులో ఉండాల్సిందే.

మళ్లీ జనవరిలో...

మరుసటి ఏడాది అదే తేలినీలాపురం వెళ్లాను. ఈసారి చెట్లకి దూరంగా గట్టు మీద కూర్చున్నా. షటర్‌ సైలెంట్‌లో పెట్టా. గంటన్నర ఏమీ జరగలేదు. కాళ్లు తిమ్మిరెక్కాయి. ఎనిమిదిన్నరకి ఓ గూడబాతు గూట్లో దిగింది. పిల్ల గబగబా లేచి, తల్లి నోటి సంచిలోకి మెడ దాకా తల దూర్చేసి చేపలు వెతుక్కుంది. పదిహేను ఫొటోలొచ్చాయి. ఒక్క పక్షి కూడా నావైపు చూడలేదు.

తిరిగొస్తుంటే దారిలో ఆ పెద్దావిడే కనబడింది. నన్ను గుర్తుపట్టలేదు. నేనే ఆపి, కెమెరా స్క్రీన్‌లో ఫొటో చూపించాను. కళ్లు చికిలించి చూసింది.

‘‘ఓలమ్మో... అమ్మ నోట్లో తలెట్టేసింది! ఇన్నేళ్లుగా సూత్తన్నాం, ఇంత దగ్గరగా నానెప్పుడూ సూడలేదు బాబూ’’ అంది.

చప్పట్లు కొట్టి తీసిన ఆ పాత ఫొటోలు ఇంకా హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. వాటిని ఎక్కడా పోస్ట్‌ చేయలేదు.